వయస్సును ధర్మధైర్యమును

యువకులు సాహసికులనియు, పెద్దలు వివేకవంతులనియు లోకులు చెప్పుదురు. 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమునందు వీరేశలింగము పంతులుగారు ప్రథమ వితంతు వివాహము జరిపించినప్పుడు వారికి బాసటగా నిలిచినవారు విద్యార్థులు. పెద్దలలో పలువురు బహిష్కారభీతిచే వెనుకంజ వేసిరి. అయినను పంతులుగారును బాలురు కారు. వారి కప్పటికి 33 ఏండ్లు. కావున ధర్మధైర్యము వయస్సునుబట్టి కలుగునది కాదు.

పోగొట్టుకొనవలసినది స్వల్పమైనప్పుడు సత్యము పలుకుట సులభము. ఇరువదవయేట వరకట్నమును నిందించి, ఏబదవయేట కుమారునికై దానిని గ్రహించువాడు వివేకమును సంపాదించెనా? లేదు, తన భయమునకు వివేకమని పేరు పెట్టుకొనెను.

సోదరులారా! మీ యింటి చిన్నవారు మిమ్ము ప్రశ్నించినప్పుడు కోపింపకుడు. అది యొకప్పుడు మీరడిగి మఱచిన ప్రశ్నయే కావచ్చును. దానికి నడవడిచే నుత్తరమిచ్చు బలమును పరమేశ్వరుడు మనకు దయచేయుగాక!