ఏడు సెకన్ల శ్రమ

కళ ప్రజల సొత్తని మనం తరచు అంటాం. ఆ సూత్రంలో నాకు సందేహం లేదు. దానివల్ల ఎవరు లాభపడుతున్నారన్నదే నా ప్రశ్న.

1969లో వాషింగ్టన్ నగరానికి చెందిన 'విన్‌స్టన్స్' బృందం 'ఆమెన్, బ్రదర్' అనే రికార్డు వెలువరించింది. అందులో డ్రమ్మర్ గ్రెగరీ కోల్‌మన్ ఏడు సెకన్లపాటు ఒంటరిగా దరువు వేశాడు. 1990 తర్వాత లండన్ చాటుమాటు నృత్యశాలల కళాకారులు ఆ ముక్కను కోసి, వేగం పెంచి, 'జంగిల్' సంగీతాన్ని నిర్మించారు. వేలాది రికార్డులకు ఆ దరువే పునాది. కోల్‌మన్‌కు మాత్రం రాయల్టీ పైసా అందలేదు, 2006లో చనిపోయాడు. 2015లో చందాలు పోగై సుమారు 24,000 పౌన్లు అందినదీ బృందనాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కే. హక్కు పాటది; దరువు వేసిన చేతిది కాదు.

ఇది దూరదేశపు అన్యాయమేనా? మా అనంతపురం పల్లెల్లో గ్రామదేవతల జాతరలకు ఉరుములు వాయించే మాల కళాకారుల సంగతేమిటి? వారి విద్యకు 'జానపదం' అని పేరుపెట్టి మనిషి పేరు చెరిపేశాం. విద్యార్థులచేత వ్యాసాలు రాయిస్తూ, వాయించినవారి పేరు అడగకుండా నేనూ ఆ తప్పు చేశాను.

అలాగని దరువుకు తాళం వేయమనను; వేసివుంటే ఆ కొత్త సంగీతమే పుట్టేది కాదు. కాని ఊరబావి అందరిదైనంత మాత్రాన తవ్వినవాడి కూలి ఎగ్గొట్టవచ్చునా? పైగా తవ్వినవాణ్ణే నీళ్లు ముట్టనివ్వని చరిత్ర మనది.

అందరిదీ అంటే ఎవరికీ బాకీ లేదని కాదు, అందరమూ బాకీపడ్డామని. ఆ బాకీలో మొదటి కంతు పేరు, రెండవది కూలి.