పొరుగింటి పుల్లకూర

అమెరికా వాళ్ల ఫుట్‌బాల్‌లో బంతిని కాలితో తన్నేది తక్కువ, చేత్తో విసిరేది ఎక్కువ. ఆ విసిరేవాడే క్వార్టర్‌బ్యాక్. పదకొండుమందిలో ఒకడే అయినా, జట్టు తలరాత అతని చేతిలోనే వుందంటారు. మరి వున్నవాడు చాలడనిపిస్తే ఏం చెయ్యాలి? వాడినే నమ్ముకోవాలా, పేరున్నవాణ్ణి పక్క జట్టు నుంచి తెచ్చుకోవాలా?

మగపిల్లల ఆటల గొడవ మనకెందుకంటారా? కాస్త వినండి.

లాస్ ఏంజిలిస్ రామ్స్ జట్టు 2016లో జారెడ్ గాఫ్ అనే కుర్రాణ్ణి అందరికంటే ముందు ఏరికోరి తెచ్చుకుంది. 2019 ఫిబ్రవరిలో అతనితోనే సూపర్ బౌల్ దాకా వెళ్లి ఓడిపోయింది. అంతే! మరో రెండేళ్లకి అతనిలో అన్నీ లోపాలే కనిపించాయి. 2021లో అతన్ని డిట్రాయిట్ లయన్స్‌కి ఇచ్చేసి, అక్కడ పన్నెండేళ్లుగా ఆడుతున్న మాథ్యూ స్టాఫర్డ్‌ని తెచ్చుకున్నారు. పైగా కాలేజీ కుర్రాళ్లని ఎంచుకునే వంతుల్లో మొదటి రౌండువి రెండు, మూడో రౌండుది ఒకటి ఎదురిచ్చారు. అంటే విత్తనాల గింజలు వండుకు తిన్నట్టే. అయినా 2022 ఫిబ్రవరిలో సిన్సినాటిని 23-20తో ఓడించి కప్పు గెలిచారు.

"చూశారా, తెచ్చుకోవడమే మంచిది!" అనెయ్యకండి. 2022లోనే డెన్వర్ జట్టు మొదటి రౌండు వంతులు రెండు, రెండో రౌండువి రెండు, అవి చాలక ముగ్గురు ఆటగాళ్లని కూడా సియాటిల్‌కి ఇచ్చి రస్సెల్ విల్సన్‌ని తెచ్చుకుంది. కొత్త జట్టుకి ఒక్క పోటీ ఆడకముందే అతనికి 24.5 కోట్ల డాలర్ల ఒప్పందం రాసిచ్చింది. ఆ యేడాది పదిహేడు ఆటల్లో గెలిచింది అయిదు. 2024 మార్చిలో అతన్నీ పొమ్మన్నారు.

రామ్స్‌లో ఆరన్ డోనాల్డ్ వంటి దిట్టలు అప్పటికే వున్నారు. వాళ్లకి ఒక్కడే కరువు. డెన్వరేమో ఒక్కడొచ్చి అందరి కరువూ తీరుస్తాడనుకుంది. తీసిన చెంబు పెట్టేవాళ్లు లేని ఇంట్లో, చురుకైన కోడలొస్తే అన్నీ చక్కబడతాయనుకునే అత్తగార్లని మనం చూడలేదూ? ఆ పిల్ల అలిసిపోతుంది. చివరికి "పేరుకే గొప్ప" అన్న మాటా పడుతుంది.

కాబట్టి తేవడం తప్పని నేననను. స్టాఫర్డ్ తనంతట తానే వెళ్తానన్నాడు. అడిగినవాణ్ణి పంపడం న్యాయమే. గాఫ్ అడగలేదు. నా మనసు కలుక్కుమనేది అక్కడే. మనిషిని మార్చుకోవడం వేరు, వాడు పనికిరాడని తేల్చెయ్యడం వేరు.

తరవాత కథ వినండి. చేతికొచ్చిన వంతుల్ని అటూ ఇటూ మార్చుకుంటూ డిట్రాయిట్ జమీర్ గిబ్స్ వంటి కుర్రాళ్లని తెచ్చుకుంది, గాఫ్ చుట్టూ ఓపిగ్గా జట్టు కట్టింది. 2024 జనవరిలో స్టాఫర్డ్‌తో వచ్చిన రామ్స్‌నే తమ వూళ్లో 24-23తో ఓడించింది. ముప్ఫైరెండేళ్లలో ఆ జట్టుకి అదే మొదటి ప్లేఆఫ్ గెలుపు. స్టేడియం అంతా గాఫ్ పేరు జపించింది.

మనిషి అతనే, చెయ్యీ అదే. మారింది అతని పక్కన నిలబడినవాళ్లు.

పొరుగింటి పుల్లకూర రుచేనండీ, కాదనను. కానీ మనింటి కూరలో ఉప్పు వేశామో లేదో చూసుకోకుండానే గిన్నె పట్టుకుని పక్కింటికి బయల్దేరడం ఏం న్యాయం? మీరే చెప్పండి.