సముద్రానికి కోపం వస్తుందా?

ఉప్పెన మీద ఏ కవిత తీసుకోండి, కడలి కన్నెర్ర చేసిందనో, పగబట్టిందనో ఓ మాట ఉండి తీరుతుంది. చదువుతుంటే ఒళ్ళు జలదరిస్తుంది, కాదనను. కానీ నాకో సందేహం. మనం ఏం చేశామని సముద్రానికి మన మీద కోపం? అసలు మనమంటూ ఉన్నామని దానికి తెలుసా?

1755 నవంబరు 1న, పండగపూట జనమంతా చర్చీల్లో ఉండగా పోర్చుగల్‌లోని లిస్బన్ నగరం భూకంపానికి కూలిపోయింది. వెనకే సముద్రం పొంగింది, ఆపైన నిప్పంటుకుంది. ఫ్రాన్సు రచయిత వోల్టేర్ ఉండబట్టలేక పెద్ద కవిత రాశాడు. అంతా మన మంచికేననే వేదాంతుల్ని, పసిపిల్లలకు పాపం ఎక్కడిదయ్యా అని నిలదీశాడు. అది చదివి రూసో 1756లో ఆయనకు ఉత్తరం రాశాడు. ఆరేడు అంతస్తుల ఇళ్ళు 20 వేలు ఒకేచోట కట్టమని ప్రకృతి చెప్పిందా అన్నాడు. బట్టలకనీ, డబ్బుకనీ ఆగి ప్రాణం పోగొట్టుకున్నవాళ్ళు ఎందరో అని కూడా అన్నాడు.

ఈ రెండోమాట నాకు నచ్చలేదు. కన్నబిడ్డల్ని అనాథాశ్రమానికిచ్చేసిన మహానుభావుడికి సంసారం గురించి ఏం తెలుసు? ఉన్నదంతా ఒక్క ట్రంకు పెట్టెలోనే ఉన్న ఇల్లాలికి ఆ పెట్టె దురాశ కాదండీ, రేపటి బియ్యం.

కానీ మొదటిమాటను కొట్టిపారెయ్యలేం. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పోయినవాళ్ళు ప్రభుత్వ లెక్కనే 10 వేల దాకా. మట్టిగోడలూ, తాటాకు కప్పులూ. ఎక్కుదామంటే మేడ లేదు, పారిపోదామంటే రోడ్డు లేదు. సముద్రం బీదాబిక్కీ అని ఎంచి వచ్చిందా? 1990 మేలో మళ్ళీ ఆ తీరానికే అంత తుఫానూ వచ్చింది. ఈసారి ముందుగానే లక్షలమందిని ఊళ్ళు ఖాళీ చేయించారు. పోయినవాళ్ళు వెయ్యిలోపే. అదీ తక్కువేం కాదు. అయినా, సముద్రానికి కోపం చల్లారి కాదుగదా!

అలాగని బిడ్డను నీళ్ళకిచ్చిన తల్లి దగ్గర కూర్చుని రూసో వాదం వినిపించగలమా? అక్కడ వోల్టేరే మనిషి. ఆమెతోపాటు ఎవరినో నిలదియ్యాలి, లేదా నోరు మూసుకుని పక్కన కూర్చోవాలి.

ఉప్పెన మీద బోలెడు కవిత్వం వచ్చింది. ఇల్లు వదిలి రానని మొండికేసిన ముసలమ్మను బతిమాలి లారీ ఎక్కించినవాళ్ళ మీద మాత్రం ఒక్క పద్యమూ నా కంటపడలేదు. మీలో ఎవరైనా చదివివుంటే చెబుదురూ.