మేనేజరుగారి కంచం

గోదావరి గట్టున ఒక ఊళ్లో వృద్ధాశ్రమం ఉండేది. 40 మంది ముసలివాళ్లు, ఒక వంటమనిషి, అతనికి సాయంగా ఒక అమ్మాయి, వీళ్లందరి మీదా ఒక మేనేజరు. అక్కడ చేరినవాళ్లకి సొంత పేర్లు మెల్లగా అరిగిపోయి ఊరి పేర్లు మిగులుతాయి. తుని మామ్మ, తణుకు మాస్టారు, అలాగన్నమాట.

మేనేజరు చెడ్డవాడు కాదు. దొంగ అంతకన్నా కాదు. కాగితం మనిషి. గుమ్మంలోనే 14 అంకెల ఫుడ్ లైసెన్సు అద్దాల ఫ్రేములో కనబడేది. నీళ్ల పరీక్ష రిపోర్టు ఒక ఫైల్లో, వంటవాళ్ల మెడికల్ సర్టిఫికెట్లు ఇంకో ఫైల్లో. ఫ్రిజ్ పక్కన మేకుకి ఒక రిజిస్టరు వేలాడేది. రోజుకి రెండుసార్లు ఫ్రిజ్ ఎన్ని డిగ్రీల్లో ఉందో చూసి అందులో రాయాలి, కింద మేనేజరు సంతకం.

తణుకు మాస్టారు జీవితమంతా లెక్కలు చెప్పినాయన. అంకె కనబడితే చదవకుండా ఉండలేడు. ఒకరోజు మజ్జిగ కోసం వంటింట్లోకి వెళ్లి ఆ రిజిస్టరు తిప్పాడు. 4, 4, 4, 4. నెలాఖరు దాకా 4. ఆ రోజు 18వ తేదీ.

"12వ తేదీన పొద్దుట్నుంచి దీపాలు పెట్టేదాకా కరెంటు లేదు కదయ్యా. ఆవేళ కూడా నాలుగేనా?"

వంటమనిషి తల గోక్కున్నాడు. థర్మామీటరేదంటే గోడ చూపించాడు. కొన్నప్పటి ప్లాస్టిక్ కవరు ఇప్పకుండా అలాగే వేలాడుతోంది. కవరు మీద కుంకుమ బొట్టు. దసరాకి గ్రైండరుతోపాటు దానికీ ఆయుధపూజ జరిగింది. మనవాళ్లు పనిముట్టుకి పూజ తప్పకుండా చేస్తారు, పని చెప్పడమే మర్చిపోతారు.

మాస్టారు వెళ్లి మేనేజరుతో అంటే, "ఇన్‌స్పెక్టరుగారు చూసి రికార్డులు బ్రహ్మాండంగా ఉన్నాయన్నారండీ" అన్నాడు.

ఆ ఊళ్లో కల్యాణమండపాలు ఎక్కువ. పెళ్లి భోజనం మిగిలితే "పారబొయ్యకండి, వృద్ధాశ్రమానికి పంపండి, పుణ్యం" అనడం అక్కడ అలవాటు. మాఘమాసంలో ఒక రాత్రి పదిన్నరకి ఆటోలోంచి రెండు పెద్ద గిన్నెల పులావ్ దిగింది. సాయంత్రం నాలుగింటికి వండినది. మేనేజరు పుస్తకంలో ఎక్కించి, పంపినాయనకి దణ్ణం పెట్టి, ఫొటో తీసి ఆశ్రమం నడిపే ట్రస్టు గ్రూపులో పెట్టాడు. ఫ్రిజ్‌లో చోటు లేదు. గిన్నెల మీద మూతలు పెట్టి వంటింటి గట్టు మీదే ఉంచారు. తెల్లారాక బాగా వేడి చేసి, పొగలు కక్కుతుంటే టిఫినుగా వడ్డించారు. రాత్రి పప్పన్నమే తిన్న ముసలివాళ్లు పెళ్లి పులావ్ అని సంబరంగా తిన్నారు. అడిగి మరీ వేయించుకున్నారు.

రెండు గంటలు తిరక్కుండా తొమ్మిదిమందికి వాంతులు.

"వేడివేడిగానే పెట్టాం కదండీ" అని వంటమనిషి డాక్టరమ్మ ముందు ఏడ్చాడు. ఆవిడ ఓపిగ్గా చెప్పింది. బియ్యంతోపాటు వచ్చే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు అన్నం ఉడికినా చావవు. వండింది గోరువెచ్చగా గంటల తరబడి పడి ఉంటే అవి మేలుకుని విషం వదులుతాయి. సూక్ష్మజీవిని మంట చంపొచ్చు, ఆ విషం మాత్రం మళ్లీ మరగబెట్టినా పోదు. అందుకే వండింది 60 డిగ్రీలకి తగ్గకుండా వేడిగానైనా ఉంచాలి, తొందరగా చల్లార్చి 5 డిగ్రీల లోపునైనా పెట్టాలి. కుర్రాళ్లకైతే ఒక పూట కడుపునొప్పితో పోయేది. పెద్ద వయసు ఒంట్లో నీళ్లు నాలుగు వాంతులకే ఇంకిపోతాయి.

సెలైన్లు ఎక్కించాక అందరూ కోలుకున్నారు. ట్రస్టువాళ్లు అత్యవసరంగా సమావేశమై ఇంకో రిజిస్టరు కొనమన్నారు.

అప్పుడు నోరు విప్పింది తుని మామ్మ. బళ్లో మధ్యాహ్న భోజనం వండి చేతులు కాయలు కాసిన మనిషి. 2013లో బీహార్‌లోని ఒక పల్లె బడిలో పురుగుమందు కలిసిన భోజనం తిని 23 మంది పిల్లలు పోయారు. ఆ వార్త వచ్చిన నాడు తన చేతులు వణికి గరిటె పట్టుకోలేకపోయానని చెప్పేది.

"పిల్లలకి వడ్డించే ముందు టీచరు తిని చూడాలని రూలుంది బాబూ. మా మేస్టారు ముద్ద మింగితే గానీ నేను గరిటె ముట్టుకునేదాన్ని కాదు. వాళ్లకి మేస్టారున్నాడు, మాకెవరున్నారు? రేపట్నుంచి వరసలో మొదటి కంచం నీది."

"నాకు ఇంటి దగ్గర్నుంచి క్యారేజీ వస్తుంది కదండీ మామ్మగారూ."

"అదేగా నేనూ అంటున్నది."

మర్నాడు మొదటి కంచం వేసి ఉంది. దాని ముందు మనిషి కూచునేదాకా ఎవ్వరూ కంచం దగ్గరికి రాలేదు. మేనేజరు వచ్చి కూచున్నాడు. ముద్ద నోటిదాకా వెళ్లి ఆగింది. "ఈ పప్పు ఎన్నింటికి దించావు?" అని వంటమనిషిని అడిగాడు. మామ్మ కిసుక్కున నవ్వింది. ఆ ఇంట్లో ఆ ప్రశ్న ఎవరైనా అడగడం అదే మొదలు.

మూడోనాటికి థర్మామీటరు కవరు చిరిగింది. ఫ్రిజ్‌లో 11 డిగ్రీలుంది. తలుపు రబ్బరు ఊడిపోయి ఎన్నాళ్లయిందో ఎవరికీ తెలీదు. మెకానిక్కు వచ్చి మార్చాడు. ఆ తర్వాత రిజిస్టరులో 5, 4, 6, మళ్లీ 4, అంకెలు ఎగుడుదిగుడుగా పడ్డాయి. మాస్టారు వాటిని చూసి చాలా సంతోషించాడు.

ఇంకో పెళ్లి ఆటో వచ్చింది. "ఎన్నింటికి వండారండీ?" అన్నాడు మేనేజరు. "దానం చేసేవాణ్ణి లెక్కలడుగుతావా?" అని పంపినాయన గిన్నెలతో సహా తిరిగి వెళ్లిపోయాడు. ట్రస్టు అధ్యక్షుడికి కోపం వచ్చింది. ఫోన్లో చాలాసేపు కేకలేశాడు. మేనేజరు వినేసి, వెళ్లి మొదటి కంచం ముందు కూచున్నాడు.

నీతి: సంతకం పెట్టిన చేతితోనే ముద్ద కలపాలి.

తిని చూస్తే విషం తెలుస్తుందని కాదు. ఆ పులావ్‌కి వాసనా లేదు, రుచీ చెడలేదు. మేనేజరు తిన్నా పదో రోగి అయ్యేవాడు, అంతే. కానీ తినబోయేవాడు ఎప్పుడు వండారని అడుగుతాడు, సంతకం పెట్టేవాడికి ఆ అవసరం రాదు. చట్టానికి కొదవ లేదు. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లోనే వచ్చింది, మిగిలిన భోజనం సేకరించి పంచేవాళ్లకి 2019లో విడిగా నిబంధనలు పెట్టారు. థర్మామీటరు కవరు చింపే పని మాత్రం ఢిల్లీ నుంచి ఎవరూ వచ్చి చెయ్యరు.

అమ్మనో నాన్ననో ఇలాంటి చోట ఉంచినవాళ్లకి ఒక మాట. ఈసారి వెళ్లినప్పుడు చెప్పకుండా, భోజనాల వేళకి వెళ్లండి. ఆఫీసు గదిలో కాఫీకి ఆగకండి. యాపిల్ పళ్లు తీసుకెళ్లకపోయినా ఫరవాలేదు. వాళ్ల పక్కన కూచుని, వాళ్లకి పెట్టిందే మీరూ తినండి. అన్నం ఎన్నింటికి వార్చారో అడగండి.