గోడ మీద తొమ్మిది కత్తులు, చేతిలో ఒక కర్ర

 

ఈ వారం రీడింగ్‌లో రెండు కార్డులు పక్కపక్కన పడ్డాయి. నైన్ ఆఫ్ స్వోర్డ్స్, సెవెన్ ఆఫ్ వాండ్స్. మొదటిది ఆందోళన, రెండోది మన చోట మనం నిలబడటం. ఈ జంట వస్తే "అక్కా, ఏదో చెడు జరగబోతోందా?" అని కంగారు పడతారు చాలామంది.

ముందుగా ఒక మాట చెప్పాలి. టారో మన శాస్త్రం కాదు. 15వ శతాబ్దంలో ఇటలీలో ఆట కోసం పుట్టిన కార్డులివి. జోస్యానికి వాడటం చాలా తర్వాత మొదలైంది. మనం ఎక్కువగా చూసే బొమ్మలు 1909లో లండన్‌లో వచ్చిన డెక్‌లోవి, పమేలా కోల్‌మన్ స్మిత్ అనే చిత్రకారిణి గీసినవి. అందుకే నేను వీటిని అద్దంలా చూస్తాను. అద్దంలో కనిపించినదాన్ని ఏం చేయాలో మాత్రం గీతనే అడుగుతాను.

మొదటి కార్డు చూడండి. నడిరాత్రి. మంచం మీద ఒక మనిషి లేచి కూర్చుని రెండు చేతులతో మొహం కప్పుకుంది. వెనక చీకట్లో తొమ్మిది కత్తులు. ఆమె కప్పుకున్న దుప్పటి మీద రోజాపూలు, రాశుల గుర్తులు ఉన్నాయి. అంటే రాశులను కప్పుకుని పడుకున్నా నిద్ర పట్టలేదన్నమాట! ఇంకో సంగతి గమనించండి. ఆ కత్తుల్లో ఒక్కటి కూడా ఆమెకు గుచ్చుకోలేదు. కళ్ళు మూసుకుంది కాబట్టి ఆ విషయం ఆమెకు తెలియదు.

రెండో కార్డులో ఒక కుర్రాడు గట్టు మీద నిలబడి ఉన్నాడు. చేతిలో ఒక కర్ర. కింద నుంచి ఆరు కర్రలు అతని మీదికి లేస్తున్నాయి. ఇక్కడి ఎదురుదాడి నిజమైనదే. కానీ అతని కాళ్ళు చూడండి, ఒక కాలికి ఒక రకం చెప్పు, రెండో కాలికి ఇంకో రకం. సరిగ్గా తయారయ్యే టైమ్ కూడా దొరకలేదు. అయినా నిలబడ్డాడు. భయం పూర్తిగా పోయాక నిలబడదాం అనుకునేవాళ్ళకి ఆ జత కలవని చెప్పులే జవాబు.

మరి మంచం మీద నుంచి గట్టు మీదికి ఎలా వెళ్ళాలి? ఆ దారి మనకి కురుక్షేత్రంలో కనిపిస్తుంది.

గీత మొదటి అధ్యాయంలో అర్జునుడు తన ఒంటి సంగతి తానే చెప్పుకుంటాడు. నోరు ఎండిపోతోంది, ఒళ్ళు వణుకుతోంది, గాండీవం చేతిలోంచి జారిపోతోంది, చర్మం మండుతోంది, బుర్ర తిరుగుతోంది. ఇవి మనలో ఎంతమందికి కొత్త? అంతటి వీరుడు విల్లు పక్కన పడేసి రథంలో కూలబడ్డాడు. 700 శ్లోకాల గ్రంథం అలా కూర్చుండిపోయిన మనిషితో మొదలవుతుంది. అదే మనిషి 18వ అధ్యాయం చివర, సందేహం పోయింది, స్థిరంగా ఉన్నాను, నువ్వు చెప్పినట్టు చేస్తాను అంటాడు. అప్పటికి యుద్ధం మొదలే కాలేదు. గెలుపు రాలేదు, శత్రువుల్లో ఒక్కరూ తగ్గలేదు. మారింది అర్జునుడే.

ఆ మార్పు ఎక్కడ మొదలైందో తెలుసా? రెండో అధ్యాయంలో, నాకు ఏం చేయాలో తోచడం లేదు, నేను నీ శిష్యుణ్ణి, నువ్వే చెప్పు అని నోరు తెరిచి అడిగినప్పుడు. మొహం మీంచి చేతులు తీయడమంటే అదే.

ఇక్కడ ఒక జాగ్రత్త. దుర్యోధనుడు కూడా గట్టిగానే నిలబడ్డాడు కదా! సూదిమొన మోపినంత నేల కూడా ఇవ్వనన్నాడు. పట్టుదలలో అతనికి లోటు లేదు, కానీ నిలబడిన నేల అధర్మానిది. అందుకే ఎవరితోనైనా "నేను తగ్గను" అనే ముందు మన కాళ్ళ కింద ఏముందో చూసుకోవాలి. అహంకారమా, ధర్మమా?

ఈ మధ్య ఒక అమ్మాయి నాకు రాసింది. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పని. చేయని టెస్టులు చేసినట్టు, పాస్ అయినట్టు రిపోర్ట్ పెట్టమని పైవాళ్ళు ఒత్తిడి చేస్తున్నారు. రాత్రి రెండింటికి మెలకువ. ఉద్యోగం పోతే? హోమ్ లోన్? అమ్మావాళ్ళకి ఏం చెప్పాలి? నాకు ఎక్కడా ఇంకో ఉద్యోగం రాదేమో! వీటిలో చాలావరకు గోడ మీది కత్తులే. కింద నుంచి నిజంగా వస్తున్న కర్ర ఒక్కటే, ఆ రిపోర్ట్. దానికి జవాబు కూడా ఒక్క మాట: "చేయని టెస్ట్‌కి పాస్ అని రాయలేను సార్, రెండు రోజులిస్తే చేసి చూపిస్తా." అరవక్కర్లేదు, ఎవర్నీ తిట్టక్కర్లేదు. ఆ మాట చెప్పినా నష్టం రావచ్చు, రాదని నేను హామీ ఇవ్వను. లాభనష్టాలను, జయాపజయాలను సమానంగా చూసి పనికి దిగమన్నాడు కృష్ణుడు. అది చెప్పినంత తేలిక కాదని ఆయనకీ తెలుసు. మనసు గాలిలాంటిదని అర్జునుడు అంటే నిజమే అని ఒప్పుకుని, అభ్యాసంతో, వైరాగ్యంతో పట్టుకోవచ్చన్నాడు.

ఈ రాత్రి నిద్ర పట్టకపోతే ఒక కాగితం తీసుకోండి. ఒక పక్క గోడ మీది కత్తులు రాయండి, ఇంకో పక్క నిజంగా వస్తున్న కర్రలు. రెండో పక్క ఎంత చిన్నదో మీకే తెలుస్తుంది. తర్వాత మీ కృష్ణుడికి చెప్పుకోండి. ఆయన దేవుడి గదిలో ఉండొచ్చు, ఫోన్లో ఒక స్నేహితుడి రూపంలోనూ ఉండొచ్చు. వారాల తరబడి నిద్ర లేకపోయినా, బతకాలనిపించకపోయినా కాగితంతో సరిపెట్టుకోకండి, డాక్టర్‌ని కలవండి. ప్రభుత్వ టెలి మానస్ నంబర్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. సాయం అడగడం బలహీనత అయితే మనకి గీతే ఉండేది కాదు.

చెప్పులు జత కలవకపోయినా పర్లేదు. లేచి నిలబడండి.

శ్రీకృష్ణార్పణమస్తు.