పంక్తియందలి బెదురు

ఒంటిగా భుజించునపుడు మనుష్యునకు ఆకలి యొక్కటే తోడు. నలుగురితో గూడి భుజించునపుడు భయముకూడ వచ్చి ప్రక్కన గూర్చుండును. ఈ మాటకు చదువరులు నవ్వవచ్చును. పులి లేదు, పాము లేదు, ఎదుట విస్తరి, విస్తరిలో వేడి యన్నము, ఇరుప్రక్కల చుట్టములు, ఇక భయమేమి? అయినను మీ యింటి పంక్తిని ఒక్కమారు నిదానించి చూడుడు. ఒకడు పప్పు రెండవమారు వచ్చులోగానే విస్తరి ఖాళీచేసి, వడ్డించువాని గరిటెవంక చూచుచుండును. వేరొకరు సగము కడుపు నిండకమునుపే విస్తరిపై చేయి యడ్డుపెట్టి చాలుచాలునని బ్రతిమాలుదురు. మొదటివానికి తిండిపోతనియు, రెండవవారికి మితభోజనులనియు లోకము పేరుపెట్టినది. మా యభిప్రాయమున రెండు పేర్లును తప్పే. ఇరువురును బెదరినవారు. ఒకరికి చాలదేమో యను భయము. మరియొకరికి చూచుచున్నారేమో యను భయము.

మొదటి భయమును గూర్చి మేము పుస్తకములు చూచి చెప్పుట లేదు. మా చదువు పదియవ యేటనుండి ఒక వసతిగృహమున సాగినది. అవి 1990 ప్రాంతపు దినములు. నూరుమంది పిల్లలము కంచములు చేతబట్టి వరుసగా నిలుచువారము. ముందున్నవారికి పప్పు, నడుమనున్నవారికి పప్పునీళ్లు, కడపటివారికి నీళ్లు. మారన్నము కావలెనన్న మొదటి యన్నమును ఇతరులకంటె ముందుగా ముగింపవలెను. కావున ఎడమచేతిని కంచముచుట్టు కోటగోడవలె నుంచి, నమలకయే మ్రింగుచు, కన్ను గంగాళముపై నిలిపి తినుట మాకు పట్టువడినది. ఆ విద్యకు గురువులు లేరు. గంగాళపు అడుగే గురువు.

వసతిగృహము విడిచితిమి. ఉద్యోగము దొరకినది. ఇంట బియ్యపు బస్తాకు కొదువలేదు. ఎడమచేయి మాత్రము కంచమును విడువలేదు. ఒక పెండ్లిలో మేము భుజించు తీరు చూచి, పెద్దమనుష్యుడొకడు పంక్తి యంతయు వినునట్లు, "ఏం మేష్టారూ, రైలు తప్పిపోతుందా?" అని పలుకరించెను. అందరును నవ్విరి, మేమును నవ్వితిమి. పెరుగు రాకమునుపే లేచి చేయి కడుగుకొంటిమి. తరువాత పెక్కేండ్లు, విందనగానే మాకు తలనొప్పి వచ్చుచుండెను. చాలదేమో యను భయము ఈ విధముగా చూచుచున్నారేమో యను భయమును కనినది.

ఇది దోషమా, గాయమా? దోషమైనచో మందలింపవలెను, గాయమైనచో మాన్పవలెను. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున 1944, 45 సంవత్సరములలో ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు ఒక పరీక్ష నడపెను. యుద్ధమువలన కరవుపాలైన జనులను కోలుకొనజేయు మార్గమును కనుగొనుటకై, 36 మంది యువకులు స్వచ్ఛందముగా ఆరు నెలలు అర్ధాకలితో నుండిరి. వారు లోభులు కారు. మనస్సాక్షికి విరుద్ధమని యుద్ధమున ఆయుధము పట్టనొల్లనివారు. అట్టివారును కొలది నెలలలో కంచములు నాకిరి. వారి తలపులన్నియు తిండి చుట్టే తిరిగెను. తిరిగి సమృద్ధిగా తినుట కవకాశము కలిగిన పిమ్మటను పలువురకు చాలకాలము తృప్తి కలుగలేదు. ఆరు నెలల యాకలియే పెద్దవారి నింతచేసినచో, పసితనపు టాకలి యేమి చేయదు?

మన పెద్దలును దీని నెరుగుదురు. ఛాందోగ్యోపనిషత్తున ఉషస్తి చాక్రాయణుని కథ కలదు. కురుదేశమున పంట నశించిన కాలమున ఆయన ఒక మావటివాడు తినుచున్న నాసిరకపు గింజలను యాచించి తినెను. మావటి త్రాగునీరు కూడ ఈయబోగా, అది యెంగిలి యని నిరాకరించెను. గింజలు మాత్రము ఎంగిలి కావా యని వాడడిగెను. అవి తినకున్న ప్రాణము నిలువదనియు, నీరు తనకు వలసినపుడు దొరకుననియు ఉషస్తి బదులుచెప్పెను. మిగిలిన గింజలను భార్యకు తీసికొనిపోయెను. ఆమె యంతకుమునుపే భిక్ష తినియుండుటచే వానిని దాచి, మరునాడు భర్తకే యిచ్చెను. ఈ కథయందు ఆకలికి నింద లేదు. కాని ఆకలి యేర్పరచిన యక్కర యెంతవరకో ఆయన యెరిగియుండెను. అక్కర ముగిసినచోట మన బాధ్యత మొదలగునని మేము దీనివలన గ్రహించితిమి. గాయము కలుగుట మన తప్పు కాదు. మన గాయముతో నితరులను గాయపరచుట మన తప్పే.

ఆ తప్పును మేము చేసియున్నాము. మా పాఠశాలలో మధ్యాహ్నభోజనము జరుగును. వండిన యన్నము బడులలో పెట్టవలెనని సర్వోన్నత న్యాయస్థానము 2001 నవంబరు 28న ఆజ్ఞాపించినది. ఆంధ్రప్రదేశమున ఆ పథకమునకు 2024లో డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. ఒకనాడొక బాలుడు గోడవైపు తిరిగి, కంచమును ఒడిలో దాచుకొని తినుచుండెను. "ఎవడైనా లాక్కుంటాడా? తిన్నగా కూర్చో!" అని గద్దించితిమి. పిల్లలు నవ్విరి. ఆ నవ్వును మేము మునుపు విని యుంటిమి. మరునాడు బాలుడు పంక్తికి రాక కుళాయి యొద్ద నిలుచుండెను.

వానిని మరల పంక్తికి దెచ్చినది మేము కాదు, వంటచేయు అమ్మ. ఆమె యుపదేశము చేయలేదు. వడ్డన వానివైపునుండి మొదలుపెట్టెను. వాడడుగకమునుపే మారన్నము పెట్టి, గిన్నె వంచి లోపల చూపించి, "ఇంకా చాలా ఉంది నాయనా" అనుచుండెను. కొన్ని వారములకు వాని చేయి కంచమును విడిచినది. పిమ్మట చారు వడ్డించు పని వానికే యప్పగించెను. గిన్నె లోతు చూచినవానికి భయమెట్లు నిలుచును?

ఆ సాయంకాలమే మా యింటి గిన్నెవైపు మొదటిమారు చూచితిమి. పదునైదేండ్లుగా ముందు కూర్చుండి, ముందు ముగించి, ముందు లేచిపోవుచున్న మాకు, మా గృహిణి యేమి తినుచున్నదో తెలియదు. ఆమె అందరును లేచిన పిదప, అడుగున మిగిలిన కూరతో, పొయ్యి ప్రక్కన నిలిచి రెండు ముద్దలు తినుచుండెను. బాల్యమున ఏ యడుగునకు బెదరితిమో, ఆ యడుగునే నిత్యము ఆమెకు వంతుగా విడిచితిమి. ఆమెను విందుకు గొనిపోయిన చాలుచాలు ననునది. దానిని మేము వినయమనుకొంటిమి. ఒకరు చూచుచుండగా కడుపునిండ తినుట ఆమె కలవాటు తప్పినది. మనలో పెక్కు కుటుంబముల కోడండ్రకు ఈ బెదురును అత్తవారింట మొదటి దినముననే నేర్పుచున్నాము. నేర్చినవారిని గుణవతులని పొగడుచున్నాము.

నాటినుండి మా యింట గిన్నెలన్నియు నడుమనుంచి అందరమును ఒక్కమారే కూర్చుండుచున్నాము. మొదటి వడ్డన మాది. ఆమె తొలుత కొంత మొగమాటపడెను. ఇపుడు కూర కావలెనని నోరుదెరచి యడుగుచున్నది.

గృహస్థులకు మా విన్నపములు స్వల్పములు. విస్తరిలో నెంతయున్నదో, ఎంత వేగముగా తినుచున్నారో పైకనకుడు. అడుగకమునుపే మారు వడ్డింపుడు. చాలన్నవారిని బలవంతపెట్టకుడు, బలవంతమును చూపులవంటిదే. ఇక మావలె బెదరినవారికి ఒక్కటే చెప్పగలము. తొందర కలిగినపుడు మీ విస్తరిని విడిచి ప్రక్కవారి విస్తరి చూడుడు. అందేమి లేదో కనిపెట్టి, "వీరికి పెరుగు" అని కేకవేయుడు. ఒకరికొరకు అడుగు నోరు ఆ క్షణమున మ్రింగుట మానును. మొదట ఇది నటనగా తోచును; పోనుపోను అలవాటగును.

మా ఎడమచేయి పూర్తిగా మారినదని చెప్పజాలము. అలసిన రాత్రులయందు నేటికిని అది కంచము చుట్టు చేరును. అపుడు మా గృహిణి యేమియు ననక, గిన్నెమూత తీసి మావైపు జరపును.