దుప్పిని చంపుట కనికరమగునా?



ఏ జీవికిని హాని చేయనివాడు నిర్దోషియని మనము సాధారణముగా తలంచుదుము. అందమైన మృగమొకటి కన్నులయెదుట నిలిచినప్పుడు ఈ తలంపు మరింత గట్టిపడును. అయితే స్కాట్లండు దేశపు కొండలలో ఒక దినమంతయు నడచిన పిమ్మట ఇది అంత సులభమైన సంగతి కాదని మాకు తోచినది.

ఆ దేశమున కెయిర్న్‌గార్మ్ కొండల పడమటి ప్రక్కను గ్లెన్ ఫెషీ అను లోయ కలదు. అక్టోబరు నెలలో మేము అక్కడనుండి 1052 మీటర్ల ఎత్తుగల కార్న్ బాన్ మోర్ కొండ ఎక్కితిమి. 2003వ సంవత్సరపు చట్టమువలన, బాధ్యతతో నడచుకొను బాటసారి ఎవడైనను అచ్చటి కొండలమీద తిరుగవచ్చును. క్రింద పైను చెట్లలో ఎఱ్ఱ ఉడుత ఒకటి కాయ కొరుకుచుండెను. చెట్లు దాటగా హెదర్ పొదలు, ఆపైన రాళ్లు, గాలి. ప్టార్మిగన్ అను కొండకోడి మా కాళ్లయొద్దనుండి లేచువరకు మేము దానిని చూడనేలేదు. చలికాలమునకు అది తెల్లనగును, కొండ కుందేలును అట్లే. మంచు పడని యేట నల్లని నేలమీద తెల్లని కుందేలు గ్రద్దకు తేటగా కనబడును, పాపము!

అంతలో ఎదుటి వాలునుండి గంభీరమైన అరుపు వినబడెను. అది మగ ఎఱ్ఱదుప్పి. ఆ నెలలో అవి జతకొరకు అట్లు అరచును. దానిచుట్టు ఆడ దుప్పులు, వాటి ప్రక్కను పిల్లలు. మేము చాలసేపు కదలలేదు.

అయినను ఆ కొండలకు దుప్పుల విస్తారమే రోగమాయెను. వాటిని తిను తోడేళ్లను మనుష్యులు 200 సంవత్సరములకు ముందే ఆ దేశమున నిర్మూలము చేసిరి. పిమ్మట 19వ శతాబ్దములో ధనవంతులు వేటవినోదముకొరకు దుప్పులను విస్తరింపనిచ్చిరి. మేకలు మేపు మన గ్రామస్థులకు మిగిలినది చెప్పనక్కరలేదు. గ్లెన్ ఫెషీలో ముసలి పైను చెట్లు నిలిచెను గాని, వాటిక్రింద మొలచిన మొక్క ఎదుగలేదు. ఈ శతాబ్దపు తొలి సంవత్సరములలో అక్కడ దుప్పులను పెద్ద సంఖ్యలో కాల్చివేసిరి. కొందరు దానిని ఊచకోతయని నిరసించిరి. నేడు ఆ లోయలో పైను మొక్కలు కంచె లేకయే పెరుగుచున్నవి.

కంచె వేసిన చాలదా అని మనలో ఒకరు అడుగవచ్చును. ఆ తీగెలకు తగులుకొని అడవికోళ్లు చచ్చుచున్నవి. ఊరకే విడిచిపెట్టుదమందురా? మేత చాలని దుప్పులు చలికాలపు చివర ఆకలితో కూలును. తోడేలును తీసివేసినవాడు దాని పనిని ఎవరికి అప్పగించెను? ఇట్టి స్థితిలో తుపాకి పట్టనివాని చేతులు తప్పక శుభ్రమైనవని మేము చెప్పజాలము. గోడకు కొమ్ములు తగిలించుకొనుటకు చంపువానిని మాత్రము వీరితో కలిపి లెక్కింపరాదు. అట్టివాని సంతోషముకొరకే మందలు ఇంతగా పెరిగినవి.

2023లో మగ దుప్పులను ఏ కాలమందైనను చంపవచ్చునని అచ్చటి ప్రభుత్వము అనుమతించెను. ఆడవాటి విరామకాలమును మాత్రము ఆ యేట తీసివేయలేదు, తల్లి చచ్చినచో పాలుత్రాగు పిల్లయు చచ్చును గనుక. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో పక్షిగూటిని గూర్చిన ఆజ్ఞ చదివినవారికి ఇది క్రొత్త సంగతి కాదు. అక్కడ పిల్లలను తీసికొనుటకు సెలవు కలదు, తల్లిని పోనియ్యవలెను.